అయ్యగారు అప్పగించిన మాట

నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. అది నాది కాదు. ఒక మనిషి ఇంకొక మనిషికి చేర్చమని నాకు అప్పగించింది. చాలాకాలం నేను చేర్చలేదు. చెప్పిన మనిషి పోయాడు. వినాల్సిన మనిషి ఇంకా ఉంది. మధ్యలో నేను, ఆ మాటను గొంతులో పెట్టుకుని అన్నం తిన్నాను, పండుగలు చేసుకున్నాను, ప్రార్థన చివర అందరితో కలిసి ఆమేన్ అన్నాను. ఏళ్లు గడిచాయి.

ఇది రాయడం ఎన్నిసార్లు మొదలుపెట్టానో చెప్పలేను. మొదటి వాక్యం కాగానే లేచి నీళ్లు తాగడానికి పోతాను. కిటికీ దగ్గర నిలబడతాను. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే అద్దం కొద్దిగా అదురుతుంది. ఆ అదురు ఆగేదాకా చూసి, మళ్లీ కూర్చుంటే రాసింది కొట్టేయబుద్ధవుతుంది. బతుకంతా పత్రికలో పనిచేసినవాణ్ణి. ఎవరు ఏం దాచారో వెతికి రాయడమే నా పని. ఇతరుల గురించి రాసేటప్పుడు ఏనాడూ నీళ్లు తాగడానికి లేవలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గోదావరిఖని పక్కన ఒక బాయి కాలనీ. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. నాన్న బాయిలో పనిచేస్తూ, పైకప్పు రాయి విరిగిపడి చనిపోయాడు. నాకు గుర్తున్న ఆయన ముఖం ఫొటోలోదే. ఆయన ఉద్యోగానికి బదులు అమ్మకు దవాఖానలో ఆయా పని ఇచ్చారు. ఆ పని, నేను, ఆదివారం చర్చి. అమ్మకు ఇంకేమీ లేవు. చర్చిలో కూడా చివరి వరుసలో, తలుపు దగ్గర కూర్చునేది. డ్యూటీ ఉంటే మధ్యలో లేచిపోవడానికి అనేది. అది పూర్తి నిజం కాదని తర్వాత అర్థమైంది. మొగుడు లేని ఆడది ముందుకు వచ్చి కూర్చుంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని.

అప్పట్లో మా చర్చి క్వార్టర్ల వరుస చివర ఒక రేకుల షెడ్డు. దాన్ని ఆనుకుని గేటున్న చిన్న ఇల్లు. అందులో పాస్టరు, ఆయన భార్య ఉండేవారు. మావైపు పాస్టరును అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. వాళ్లకు పిల్లలు లేరు. జీతం అని చెప్పుకోదగ్గదీ లేదు. వాళ్లను బతికించింది పిడికెడు బియ్యం. అన్నం వండేటప్పుడల్లా, బియ్యం కడిగే ముందు, ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవారు. ఆ డబ్బా నిండాక అయ్యగారింటికి చేర్చేవారు. మా ఇంట్లో కూడా ఒక డబ్బా ఉండేది. బియ్యం తక్కువైన రోజున కూడా అమ్మ పిడికిలి చిన్నది చేసేది గాని, మానేది కాదు.

అయ్యగారు మెదక్ వైపు మనిషి. ఆయన ఎక్కువసార్లు చెప్పిన ప్రసంగం దావీదు గురించి. రాజు కాకముందు దావీదు తల దాచుకుంటూ ఊరూరూ తిరిగాడు. ఒకసారి శత్రువుల మీదికి పోయేటప్పుడు తనవాళ్లలో కొందరు అలసిపోయి వాగు దగ్గర ఆగిపోయారు. సామాను దగ్గర కూర్చున్నారు. మిగిలినవాళ్లు గెలిచి తిరిగొచ్చాక, కూర్చున్నోళ్లకు భాగం ఎందుకివ్వాలని గొడవ పెట్టుకున్నారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవాడికెంతో, సామాను దగ్గర ఉన్నవాడికీ అంతే అన్నాడు. అంతటితో ఆగలేదు. తాను దిక్కులేక తిరిగిన కాలంలో ఏయే ఊళ్లు తనను ఆదరించాయో ఆ ఊళ్లన్నింటికీ కానుకలు పంపాడు. అయ్యగారు దీన్ని మా బాయి భాషలోకి దించేవారు. లోపలికి దిగి బొగ్గు తీసేవాడూ, పైన దీపాలు చూసుకునేవాడూ ఒకటే అనేవారు. అండర్‌గ్రౌండ్ వాళ్లు సర్ఫేస్ వాళ్లను వెక్కిరించడం మాకు అలవాటు గనుక ఆ మాటకు అందరూ నవ్వేవారు. గొప్ప దినాల్లో ఎవరిని గుర్తుపెట్టుకున్నావో దాన్నిబట్టే నువ్వెవరో తెలుస్తుందని ఆయన ముగించేవారు. నేను ఆ ప్రసంగం వింటూ పెరిగాను. ఇది గుర్తుంచుకోండి. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు అమ్మగారికి టీబీ వచ్చింది.

దగ్గు గేటు దాకా వినిపించేది. కాలనీలో భయం పాకింది. ఎవరూ అయ్యగారిని వదిలేయలేదు, ఆ మాట అనను. బియ్యం ఆగలేదు. డబ్బాలు గేటు దాకా వచ్చేవి. గేటు గోడ మీద పెట్టి, అమ్మగారూ బియ్యం అని కేకేసి, తిరిగి చూడకుండా పోయేవారు. మా డబ్బా తీసుకుపోయేది నేనే. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయేవాణ్ణి. పెట్టమన్నది అమ్మే. ఆమె దవాఖానలో పనిచేసేది, ఆ రోగం ఏంటో చూసింది. ఉన్నది ఒక్క కొడుకు. ఆమెను తప్పుపట్టగలనా? పట్టలేను. ఇప్పుడైనా పట్టలేను.

అయితే గేటు దగ్గర నిలబడి లోపలికి చూశాను. ఒకసారి కాదు. చూసిన ప్రతిసారీ లోపల రాజవ్వ ఉండేది.

రాజవ్వ మా వరుసలో చివరి క్వార్టర్ ఆమె. మొగుడు బాయిలో బొగ్గు తట్టలు మోసేవాడు. వాళ్లు మా చర్చి సంఘంవాళ్లు కారు. ఇంట్లో మల్లన్న పటం, నుదుట పసుపు బండారి. చర్చి లోపల ఏనాడూ కూర్చోలేదు. పాటలప్పుడు మాత్రం వచ్చి బయట మెట్టు మీద కూర్చుని, ప్రసంగం మొదలుకాగానే కొంగు దులుపుకుని పోయేది. ఆమె వచ్చింది అమ్మగారి దగ్గరికి.

అప్పుడు కాలనీ అంతా వంట సిగిడీల మీదే, అంటే బొగ్గు కుంపట్ల మీదే. బొగ్గును కంపెనీ ఇచ్చేది, కానీ బాయి పనివాళ్లకే. అయ్యగారికి రాదు. రాజవ్వ తన వాటా బొగ్గు తట్టలో పెట్టుకుని పోయేది. పచ్చి బొగ్గు పొగ ఎంత ఘాటో మా వైపు పుట్టినవాళ్లకే తెలుసు. దగ్గే మనిషికి ఆ పొగ విషం. అందుకని సాయంత్రం పూట సిగిడీని గేటు బయట ముట్టించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రగా అయ్యేదాకా దాని పక్కనే కూర్చుని విసిరేది. పొగ తాను మింగేది. తర్వాత పాతగుడ్డతో పట్టుకుని లోపలికి మోసుకుపోయేది. గంజి కాసేది. అమ్మగారిని లేపి, తన భుజానికి ఆనించుకుని తాగించేది. ఉమ్మి గుడ్డలు ఉతికేది. నిద్ర పట్టకపోతే బతుకమ్మ పాటలు పాడేదని తర్వాత అయ్యగారు నాతో చెప్పారు. అమ్మగారు పోయింది కూడా ఆమె చేతుల్లోనే.

నేను ఇదంతా గేటు దగ్గర నుంచి, ముక్కుకు రుమాలు పెట్టుకుని చూశాను.

తర్వాత అయ్యగారికి బదిలీ అయింది. నేను చదువు ముగించి పత్రికలో చేరాను. మొదట గోదావరిఖనిలో విలేకరిని, తర్వాత కరీంనగర్‌లో డెస్క్. డెస్క్ మీద నేర్పే మొదటి పని కత్తిరించడం. పొడుగు వార్త వస్తే చివరి నుంచి కోస్తూ వస్తాం. ఎవరినైనా నొప్పించే వాక్యం ఉంటే, అవసరమా అని అడుగుతాం, అవసరం లేదనిపిస్తే తీసేస్తాం. నా చేయి దానికి బాగా అలవాటుపడింది. ఇది సాకు కాదు. సాకు కాదని రాస్తున్నానంటే ఎక్కడో సాకుగా వాడుకుందామనే ఉందేమో. ఉండనివ్వండి. మీరే చూసుకోండి.

రేకుల షెడ్డు పోయి పక్కా మందిరం కట్టారు. ప్రతిష్ఠ రోజున పాత అయ్యగారిని పిలిపించి శాలువా కప్పాలని సంఘ పెద్దలు అనుకున్నారు. పిలవడానికి నన్ను పంపారు. పోయేసరికి ఆయన మంచం మీద ఉన్నారు. పక్షవాతం. కుడివైపు పడిపోయింది. మాట ఒక్కొక్కటీ నోట్లో వెతుక్కుని తీస్తున్నట్టు వచ్చేది. రాలేనని చెప్పడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. నేను లేవబోతే ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. కూర్చోమన్నారు. ఆ తర్వాత చెప్పారు.

ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఇన్నేళ్లలో అవి రోజూ నాలో తిరిగాయి.

"అందరి ముందట చెప్పు. బియ్యం పెట్టిన తల్లులకు దండం. బియ్యం గేటు కాన్నే ఆగినయి. గడప దాటి లోపలికొచ్చింది రాజవ్వ ఒక్కతే. మా ఇంటామె పోయినప్పుడు ఒంటరిగ పోలేదు. నాకు కప్పే శాలువా ఆమెకు కప్పుండ్రి. మర్చిపోయిన్నని ఆమె అనుకోవద్దు."

చివరి వాక్యం రెండుసార్లు చెప్పారు. మర్చిపోయానని ఆమె అనుకోవద్దు. నేను అలాగే చెప్తాను అయ్యగారూ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలు ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను. చెప్పేటప్పుడు గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. అప్పటికి నాలో ఏ కపటమూ లేదు. లేదనే అనుకుంటున్నాను.

ప్రతిష్ఠ రోజు మందిరం కిటకిటలాడింది. షామియానా బయటికి కూడా వేశారు. బల్ల మీద శాలువా మడిచి పెట్టి ఉంది. నన్ను మైకు దగ్గరికి పిలిచారు. లేచి నిలబడ్డాను. ముందు వరుసల్లో ముసలితల్లులు కూర్చున్నారు. గేటు గోడ మీద డబ్బాలు పెట్టి పోయిన తల్లులు. ఉతికిన తెల్లచీరల్లో, పండుగ ముఖాలతో. వాళ్ల ముఖాలు చూస్తూ, బియ్యం గేటు దగ్గరే ఆగిపోయాయన్న వాక్యం ఎలా చెప్పాలి? ఇలాంటి రోజున అవసరమా? నా లోపలి డెస్క్ మేలుకుంది. ఆ వాక్యం తీసేశాను. అది తీసేశాక తర్వాతి వాక్యం నిలబడలేదు. గడప దాటింది ఒక్కతే అంటే మిగిలినవాళ్లు దాటలేదనే కదా. అదీ తీసేశాను. మిగిలింది మొదటి ముక్క. బియ్యం పెట్టిన తల్లులందరికీ అయ్యగారు దండం చెప్పమన్నారు అన్నాను. చప్పట్లు మోగాయి. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

అక్కడ ఆగినా సగం పాపమే అయ్యేది.

సంఘ పెద్ద శాలువా చేతుల్లోకి తీసుకుని, మరి ఇది ఎవరికి కప్పమన్నారు అని నన్ను అడిగాడు. మైకు నా నోటి ముందే ఉంది. చివరి వరుసలో, తలుపు దగ్గర, అమ్మ కనిపించింది. ఎప్పటి చోటే. కొత్త మందిరంలో కూడా ఆమెకు అదే చోటు. నా నోరు, మా అమ్మకు కప్పమన్నారు అంది.

ఎందుకన్నాను? ఈ ప్రశ్నకు నా దగ్గర చాలా జవాబులున్నాయి, అదే అనుమానం. అమ్మ మీద ప్రేమ అని ఒక జవాబు. బతుకులో ఒక్కసారైనా ఆమె ముందు వరుసలోకి నడిచి రావడం చూడాలని. రాజవ్వ సంఘం మనిషి కాదు, నుదుట బొట్టుతో ఆమె వేదిక ఎక్కితే కొందరికి నచ్చదేమోనన్న పిరికితనం అని ఇంకొకటి. వీటన్నింటి కింద ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పడానికే ఇంతసేపు తిరుగుతున్నాను. గేటు దగ్గర రుమాలు పెట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. గడప దాటినామెను అందరి ముందూ నిలబెడితే, దాటనివాడు ఎవరో నాకైనా తెలిసిపోతుంది. మా అమ్మ మెడ చుట్టూ శాలువా కప్పితే గేటే ఉండదు. గేటే లేకపోతే నేనూ అక్కడ నిలబడలేదు.

అమ్మ నడిచి వచ్చింది. అయోమయంగా, అటూ ఇటూ చూస్తూ. శాలువా కప్పారు. ఆమె ఏడ్చింది.

రాజవ్వ ఎక్కడుందంటారా? బయట షామియానా కింద. విందుకు బగార అన్నం ఆమే వండుతోంది. ఎంతమందికైనా చెయ్యి తిరిగిన వంట ఆమెది, సంఘం కాకపోయినా పిలిస్తే వచ్చేది. లౌడ్‌స్పీకర్ ఆమె తల మీదే కట్టి ఉంది. ప్రతి మాటా విన్నది.

ఆరాధన అయ్యాక నేను ఆ వైపు పోకుండా తప్పించుకుందామనుకున్నాను. ఆమే పిలిచింది. పెద్ద డేగిసా ముందు నిలబడి, గంటె చేత పట్టుకుని.

"బిడ్డా, అయ్యగారు ఎట్లున్నడు?"

"పక్షవాతం పెద్దమ్మా. మంచంల ఉన్నడు."

"అయ్యో. మనిషిని గుర్తుపడ్తున్నడా?"

"పడ్తున్నడు."

ఆమె అన్నం అడుగు నుంచి ఒకసారి తిప్పింది. నా ముఖం చూడకుండా అడిగింది.

"నన్నేమన్న అడిగిండా?"

చెప్పడానికి అప్పుడు కూడా సమయం ఉంది. మైకు లేదు. ముసలితల్లులు లేరు. ఇద్దరమే. ఆమె నోరు తెరిచి అడిగింది. అడిగిన మనిషికి ఇవ్వాల్సింది నా చేతిలోనే ఉంది.

"లేదు పెద్దమ్మా," అన్నాను. "ఎక్కువ మాట్లాడే తాకత్ లేదు ఆయనకు."

"గట్లనా."

గంటె డేగిసా అంచుకు ఆనించింది. తర్వాత చిన్నగా నవ్వింది.

"మీ అవ్వ పేరు చెప్పే తాకత్ అయితే ఉండె. తిను పో బిడ్డా, సల్లారుతది."

నేను తిన్నాను. ఆమె వండిన అన్నం, ఆమె వడ్డించింది, తిన్నాను. రుచి ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండకూడదనుకున్నవన్నీ నాకు గుర్తుంటాయి.

ఆ ఏడాదే అయ్యగారు పోయారు. సంఘం వాళ్లు బస్సు మాట్లాడారు. నేను పత్రిక పని ఉందని పోలేదు. ఆ శవం ముందు నిలబడే ధైర్యం లేక పోలేదు. రాజవ్వ కూడా ఎక్కలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిలిస్తే, నేనెందుకులే అందట. నేను వెంటనే మాట మార్చాను.

శాలువాతో మా ఇంట్లో ఇంకో బతుకు మొదలైంది. ఆరోజు నుంచి చర్చిలో అమ్మకు ముందు వరుస. విందుల్లో మొదటి విస్తరి. కొత్తగా వచ్చిన పాస్టర్లు ఆమెను చూపించి, ఇలాంటి తల్లుల వల్లే సంఘం నిలబడిందని ప్రసంగించేవారు. నమ్మకమైన సేవను దేవుడు మరువడని చెప్పేవారు. నేను కింద కూర్చుని చెప్పు కొనతో నేల గీకేవాణ్ణి. అమ్మకు తెలుసా? ఇది నన్ను తినేసిన ప్రశ్న. ఒకసారి శాలువా మడుస్తూ, అయ్యగారు నిజంగా నా పేరే అన్నాడా అని అడిగింది. అవునన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. కానీ చర్చికి పోయేటప్పుడు రాజవ్వ క్వార్టర్ దాటేదాకా శాలువా సంచిలో ఉంచుకుని, దాటాక తీసి కప్పుకునేది. నేను కళ్లారా చూశాను. ఎందుకలా అని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో నాకు తెలుసు. తెలుసు గనుకే అడగలేదు.

రాజవ్వ మొగుడు పోయాక బిడ్డ దగ్గరికి గోలేటికి వెళ్లిపోయింది. అల్లుడు అక్కడ బాయిలో పనిచేస్తాడు. ఆమె వెళ్లిపోయిందని తెలిసిన రోజు నాకు హాయిగా అనిపించింది. ఈ వాక్యాన్ని కొట్టేద్దామనుకుని ఆగాను. అనిపించింది.

అమ్మ పోతూ పోతూ కోరింది ఒక్కటే, శాలువా తన మీద కప్పి పూడ్చమని. కప్పాను. పెట్టె మూత పడేముందు చూశాను. అయ్యగారు రాజవ్వకు పంపిన కానుక మా అమ్మ ఒంటి మీద మట్టిలోకి పోయింది. ఇక తిరిగి ఇవ్వడానికి నా దగ్గర వస్తువు కూడా లేదు.

అమ్మతోనే కథ కూడా మట్టిలో కలిసిపోతుందనుకున్నాను. కలవలేదు. ఈ మధ్య చర్చి పక్కన భోజనశాల కట్టారు. దానికి అమ్మ పేరు పెడదామని, గోడకు రాయి పెట్టిద్దామని పెద్దలు అనుకున్నారు. పత్రికవాడివి కదా, నాలుగు మాటలు నువ్వే రాసియ్యి అన్నారు. రాయి మీద. నేను చెప్పిన అబద్ధాన్ని నా చేత్తోనే రాయి మీద చెక్కించాలి. ఎండకూ వానకూ చెరగకుండా.

రోజూ కూర్చునేవాణ్ణి. ఒక్క మాటా పడేది కాదు. చివరికి సంఘ పెద్ద ఇంటికి పోయి మొత్తం చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు. అమ్మను ఎందుకు కించపరచుడు అన్నాడు. రెండు పేర్లూ పెడదాం, ఎవరికీ అనుమానం రాదు, అని దారి చూపించాడు. మంచి మనిషి. నన్ను కాపాడదామనే అన్నాడు. నేను కూడా ఒక్క క్షణం ఒప్పుకోబోయాను. ఎంత చక్కగా అమరుతుంది! మళ్లీ కత్తిరింపే. మళ్లీ గేటు మాయం. వద్దన్నాను. ఆరాధనలో మైకు ముందు నేనే చెప్తానన్నాను. దానికి ముందు, మొదట వినాల్సిన మనిషి దగ్గరికి పోవాలన్నాను.

గోలేటికి అంతకుముందు రెండుసార్లు బయలుదేరి మంచిర్యాల బస్టాండ్ నుంచి వెనక్కి వచ్చినవాణ్ణి. ఈసారి దిగేదాకా కిటికీ లోంచి బయటికి చూడలేదు.

క్వార్టర్ ముందు అరుగు మీద రాజవ్వ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చాలా ముసలిదైంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం టైం పట్టింది. మీ అవ్వ పోయిందని తెలిసింది, మోకాళ్లు లెవ్వక రాలేకపోయిన అంది. ఆమె బిడ్డ సరోజ చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి మొదలుపెట్టాను. రాయి గురించి, పెద్దల గురించి, నా భయం గురించి, అమ్మ గురించి. ఆమె వేళ్లు ఈనెలు తీస్తూనే ఉన్నాయి. శాలువా నీకు కప్పమన్నడు పెద్దమ్మా అన్నప్పుడు మాత్రం వేళ్లు ఆగాయి.

సరోజ తలుపు దగ్గర నిలబడిపోయింది.

రాజవ్వ మాట్లాడింది. నాతో అన్నట్టు లేదు.

"ఆయన సచ్చినప్పుడు బస్సు ఏసిన్రు. నేను ఎక్కలే. మతిల పెట్టుకోని మనిషి ముఖం ఏం జూస్తనని ఎక్కలే. ఎన్ని తీర్ల తిట్టుకున్ననో ఆ మనిషిని."

నేను ఇన్నేళ్లూ లెక్కవేసుకున్నది ఒక శాలువా, ఒక ముందు వరుస, కొన్ని చప్పట్లు. ఈ సంగతి నా ఊహలోకే రాలేదు. ఆమె నుంచి నేను తీసుకున్నది మర్యాద కాదు. అయ్యగారిని. మర్చిపోయానని ఆమె అనుకోవద్దని ఆయన రెండుసార్లు చెప్పారు. సరిగ్గా అదే అనుకుంటూ ఆమె ముసలిదైంది.

నా తప్పే పెద్దమ్మా అన్నాను. ఆమె ఆ మాటను పట్టించుకోలేదు. నేనిక చర్చిలో చెప్పబోయేది చెప్తుంటే చేయి అడ్డం ఊపింది. చెప్పేది నీ ఇష్టం, మీ అవ్వను ఏమనకు అంది. ఆమె బియ్యంతోనే గదా గంజి కాసిన అంది.

తర్వాత చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అరుగు మీద సర్దుకుని కూర్చుంది, చర్చి మెట్టు మీద పాట కోసం కూర్చున్నట్టు.

"ఆయన ఏమన్నడో గదే చెప్పు. నీ మాటలు కలపకు."

చెప్పాను. బియ్యం పెట్టిన తల్లులకు దండం. బియ్యం గేటు కాన్నే ఆగినయి. గడప దాటి లోపలికొచ్చింది రాజవ్వ ఒక్కతే. నా గొంతులోంచి వస్తున్నా అవి నా మాటలు కావు. ఆయన నోట్లో వెతుక్కుని వెతుక్కుని తీసినట్టే, ఒక్కొక్కటీ ఆగి ఆగి వచ్చాయి. మర్చిపోయిన్నని ఆమె అనుకోవద్దు. ఆయన రెండుసార్లు అన్నాడు గనుక నేనూ రెండుసార్లు అన్నాను.

ఆమె నన్ను క్షమించలేదు. తిట్టనూ లేదు. నా వైపు చూడనే లేదు. ఎదురుగా రోడ్డు మీదికి, రోడ్డు అవతల ఎక్కడికో చూస్తోంది. ఆమె వింటున్నది నన్ను కాదు. నేను ఆ అరుగు మీద ఉన్నా లేకున్నా ఒకటే. ఎన్నో ఏళ్ల తర్వాత నా గొంతులో ఏమీ అడ్డం లేదు. సులువుగా ఊపిరి వచ్చింది, పోయింది. అంతకన్నా ఏదైనా అడిగే హక్కు నాకు లేదు.

"మళ్ల చెప్పు," అంది రాజవ్వ.

మొదటి నుంచి చెప్పాను.